తాడు పట్టే బావమరిది, అర్జీ పట్టే పెద్దమనిషి

కొండచరియకి పెద్ద తేనెపట్టు వేలాడుతుంటుంది. దాన్ని అందుకోవాలంటే పైన చెట్టుకి తాడు బిగించి, ఆ తాడు పట్టుకుని మనిషి లోయలోకి దిగాలి. కింద రాళ్ళు. చుట్టూ ముసురుకునే ఈగలు. ఒక చేత్తో పొగ పెట్టాలి, ఇంకో చేత్తో పట్టు కోయాలి. ఆ కాసేపు ఆ మనిషి ప్రాణం మొత్తం పైన తాడు దగ్గర కూర్చున్నవాడి మీదే ఆధారపడి ఉంటుంది. ఆ కూర్చునేవాడు ఎవరన్నది నల్లమల చెంచుల్లో ఎన్ని తరాల కిందటో తేలిపోయిన మాట. సొంత అన్నని కూర్చోబెట్టరు, తమ్ముడినీ కూర్చోబెట్టరు. బావమరిదిని కూర్చోబెడతారు. తాడు జారితే తన తోడబుట్టినదాని బొట్టు చెరిగిపోతుందని తెలిసినవాడు, ఈగలు కుట్టినా చెయ్యి వదలడని వాళ్ళ నమ్మకం.

ఇందులో ఇంకో సంగతి ఉంది. చెంచుల్లో ఒకే ఇంటిపేరు వాళ్ళ మధ్య పెళ్ళి జరగదు. కొన్ని ఇంటిపేర్లు వేరైనా అన్నదమ్ముల వరస కిందే లెక్క, వాళ్ళ మధ్యా పెళ్ళి కుదరదు. కాబట్టి తాడు పైకొసన ఉండేవాడు ఎప్పుడూ వేరే ఇంటిపేరు మనిషే అయి ఉంటాడు. ఉడతల వాడు కిందికి దిగితే పైన మండ్లి వాడో, కాట్రాజు వాడో ఉంటాడు. నిమ్మల, తోకల, చిగుర్ల, దాసరి, భూమని, అర్తి... ఈ ఇంటిపేర్లన్నీ తాళితో, తాడుతో ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. వంశాచారం అంటే పండగనాడు బయటికి తీసి చూపించే వస్తువని మనలో చాలామందికి ఒక ఊహ. చెంచులకి అది లోయలోకి దిగే ముందు సరిచూసుకునే లెక్క.

ఈ చెంచుల అడవి మనకి దూరమేం కాదు. మన కురిచేడు స్టేషన్లో నంద్యాల బండి ఎక్కితే దొనకొండ, గజ్జెలకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు వరసగా వస్తాయి. దిగువమెట్ట దగ్గర మైదానం అయిపోయి కొండ మొదలవుతుంది. మనం ఈ చివర ఉన్నాం, చెంచులు ఆ చివర ఉన్నారు అనుకుంటాం గానీ మధ్యలో గుండ్లకమ్మ ఉంది. ఆ నది నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కంభం చెరువు నింపి, మార్కాపురం సీమ దాటి, ఒంగోలు దిక్కున సముద్రంలో కలుస్తుంది. ఆ అడవి బాగుంటేనే ఈ పడమటి సీమకి నాలుగు చుక్కల నీళ్ళు. ఆ అడవిలో ఎక్కడ ఊట ఉంది, ఏ వాగు ఏ నెల దాకా పారుతుంది అన్నది తాతల నాటి నుంచి తెలిసిన మనుషులు ఆ గూడేల్లోనే ఉన్నారు. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే ఘాట్ రోడ్డు వైపు తుమ్మలబైలు, చింతల, యర్రగొండపాలెం మండలంలో అడవి లోపలున్న పాలుట్ల లాంటి పేర్లు మనకి పేపర్లో చదివి తెలిసినవే. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో చెంచులు 64 వేల పైచిలుకు. కృష్ణకి అటు ఇటు పరుచుకున్న అంత పెద్ద అడవిలో అంతమందే.

వాళ్ళలో పెద్దమనిషి అన్న స్థానం ఒకటుంది. దీన్ని మన కులపెద్దతోనో, పాత జమీందారుతోనో పోల్చి చూస్తే అర్థం కాదు. పెంటలో, అంటే చెంచు గూడెంలో, నాలుగు గుడిసెలున్నా, పదున్నా పెద్దమనిషి ఒకడుంటాడు. పెళ్ళి మాట కుదిరేటప్పుడు ఆయన ఉండాలి. మొగుడూ పెళ్ళాల తగవు, తేనెపట్టు మీద పేచీ, ఇప్పచెట్టు ఎవరిదన్న గొడవ ఆయన ముందుకొస్తాయి. అయితే ఆయన ఒక్కడే కూర్చుని తీర్పు చెప్పడు. అందరూ చేరతారు, ఆడవాళ్ళూ మాట్లాడతారు, మాట నలిగి నలిగి ఒక దారికొస్తుంది. ఆ దారికొచ్చిన మాటని ఆయన పైకి చెప్తాడు. ఆయనకి బంట్రోతుల్లేరు. పన్ను వసూలు లేదు. చెప్పింది నచ్చనివాడు భార్యాబిడ్డల్ని తీసుకుని అత్తవారి పెంటకో, మేనమామ పెంటకో వెళ్ళిపోవచ్చు, అతన్ని ఆపే హక్కు ఎవరికీ లేదు.

ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి ఇవన్నీ చూసి రాశాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. ఆయన పుట్టిన దేశాన్ని బట్టి బ్రిటిష్ వాళ్ళకి శత్రుదేశస్థుడు, అందుకే హైదరాబాద్ రాజ్యం దాటి పోలేని పరిస్థితి. 1943లో చెంచుల మీద ఆయన పుస్తకం వచ్చింది. ఒక్కో జట్టుకి ఒక్కో అడవి చెక్క ఉందని, దాని హద్దులు వాగులతో, గుట్టలతో అందరికీ తెలుసని, పక్క చెక్కలోకి ఊరికే పోరని, అయినా చుట్టరికం పట్టుకుని మనుషులు ఒక చెక్క నుంచి ఇంకోదానికి మారుతూనే ఉంటారని ఆయన గమనించాడు. హద్దు గట్టిది, మనిషి స్వేచ్ఛ కూడా గట్టిదే. ఈ రెండూ ఒకచోట పొసగడం నాకు చాలా గొప్ప విషయంగా కనిపిస్తుంది. పెద్దమనిషి చేసే పని ఆ పొందికని కాపాడటమే. ఆయన మాటకి బలం ఎక్కడి నుంచి వస్తుందంటే, విననివాడు వెళ్ళిపోగలడు గనక, వినేవాళ్ళంతా ఇష్టపడి వింటున్నవాళ్ళే గనక.

ఆ పెద్దరికం ముందు దేవుడూ చేతులు కట్టుకున్నాడని మన కథలే చెప్తాయి. అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని చూసి మనసుపడితే చెంచు నాయకుడి దగ్గరికెళ్ళి పిల్లని అడగాల్సి వచ్చింది. గడ్డలు తవ్వడం, తేనె తీయడం వచ్చా అని అల్లుడికి పరీక్ష పెట్టిన కథలూ ఉన్నాయి. ఆ కథ ఇప్పటికీ నడుస్తోంది. సంక్రాంతి దాటాక అహోబిలంలో పారువేట ఉత్సవం మొదలై నలభై రోజులకి పైగా సాగుతుంది. స్వామి పల్లకిలో ఊరూరా తిరిగి తన పెళ్ళికి జనాన్ని పిలుస్తాడు. ఆ పల్లకి వైపు చెంచులు విల్లు ఎక్కుపెట్టి బాణం వేసే ఆచారం ఉంది. శ్రీశైలంలోనూ అంతే. అక్కడి స్వామి వాళ్ళకి చెంచు మల్లయ్య, ఇంటి అల్లుడు. ఒకప్పుడు అడవి దారిలో శివరాత్రికి పోయే యాత్రికులని క్షేమంగా దాటించి, అందుకు రుసుము తీసుకునే హక్కు తమదని చెంచులు చెప్పుకునేవారు. బ్రిటిష్ కాలపు రాతల్లో ఆ సంగతి ఉంది. అంటే దారి అడగాలన్నా, పిల్లని అడగాలన్నా మనమే వాళ్ళ పెద్దమనిషికి విన్నవించుకున్న రోజులున్నాయి.

ఆ విన్నపం ఎప్పుడు తలకిందులైంది? 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి రిజర్వు అయింది. హద్దురాళ్ళు పడ్డాయి, గార్డులొచ్చారు. మార్కాపురం, గిద్దలూరు సీమ అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. ప్రకాశంలో కలిసింది 1970లో. జిల్లాలు మారాయి గానీ గూడెం మనిషి చేతిలో కాగితం మారలేదు. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఏర్పడింది. రాష్ట్రం విడిపోయాక అవతలి భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా తెలంగాణకి వెళ్ళింది. ఒకే ఇంటిపేరు వాళ్ళు, ఒకరికొకరు పిల్లనిచ్చుకున్నవాళ్ళు, కృష్ణకి ఆ ఒడ్డున ఒక రాష్ట్రం, ఈ ఒడ్డున ఒక రాష్ట్రం అయిపోయారు.

ఈ విభజనలో చాలామందికి తెలియని ముడి ఒకటుంది. అమ్రాబాద్ వైపు చెంచుల ఊళ్ళు రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నాయి. మన వైపు, మార్కాపురం సీమ చెంచు గూడేలు షెడ్యూల్డ్ ప్రాంతం కిందికి రావు. 1996లో వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజన గ్రామసభకి, వాళ్ళ ఆచారాలకి, తగవులు తీర్చుకునే పద్ధతికి గుర్తింపునిస్తుంది. ఆ చట్టం మన గూడేలకి వర్తించదు. తాడు కింద వేలాడేవాడి పెద్దమనిషిని చట్టం గుర్తిస్తుంది, పైన తాడు పట్టుకున్న బావమరిది పెద్దమనిషిని గుర్తించదు. నది గీసిన గీత కాదిది, కాగితం గీసింది. దీన్ని సరిచేయాలన్న మాట మార్కాపురం సీమ నుంచి గట్టిగా వినబడాలి.

దోర్నాలలో ఒక టీ కొట్టు బల్ల మీద ఒక చెంచు పెద్దాయన పక్కన కూర్చుని మాట్లాడాను. ప్లాస్టిక్ కవర్లో మడతలు పెట్టిన కాగితాలు తెచ్చుకున్నాడు. పాత అర్జీల నకళ్ళు, కొన్నిటి మీద ముద్రలు, కొన్నిటి మీద అవీ లేవు. ఇంకో అర్జీ రాయించుకోవాలని వచ్చాడు. వెంట వచ్చిన మనవడు పదో తరగతి దాటినవాడు, రాయడం వచ్చు. పెద్దాయన చెప్పడం మొదలుపెట్టాడు.

"నేను చెప్తా, నువ్వు రాయి. రాసింది మళ్ళీ నాకు చదివి ఇనిపించు."

మనవడు రాస్తున్నాడు. ఒకచోట ఆగాడు. "తాతా, నీ పేరు కింద ఏమని రాయాల?"

"పెద్దమనిషి అని రాయి."

"అట్టా రాస్తే తీసుకోలేదు గదా పోయినసారి. సర్పంచి సంతకం కావాలన్నారు."

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి, "నాయనా, మా పెంటలో పెళ్ళి నేను లేకుండా జరగదు. చావు నేను లేకుండా జరగదు. ఈ కాగితం మాత్రం నేనుంటే జరగదంట" అన్నాడు. గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలన్న కుతూహలం ఉంది. ఆ ప్రశ్నకి జవాబు చట్టంలోనే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ముందు కొంచెం దూరం పోవాలి, స్కాట్లాండ్ దాకా. అక్కడి కొండసీమలో కూడా వంశాలుండేవి, ఒక్కో వంశానికి నాయకుడు, ఒక్కో వంశానికి లోయ. నాయకుడే తగవులు తీర్చేవాడు. 1746లో కలోడెన్ యుద్ధంలో ఓడాక, వెంటవెంటనే వచ్చిన చట్టాలు ఆ నాయకుల న్యాయాధికారాన్ని తీసేశాయి. గళ్ళ బట్ట కట్టడం కూడా నేరమైంది, ఆ నిషేధం 1782 దాకా ఉంది. ఆ తర్వాత జరిగిందే అన్నిటికంటే బాధాకరం. అధికారం పోయిన నాయకులు చాలామంది భూస్వాములుగా మారి, గొర్రెల పెంపకానికి లాభమని తమ వంశం వాళ్ళనే లోయల నుంచి ఖాళీ చేయించారు. ఆ మనుషులు ఓడలెక్కి కెనడాకి, అమెరికాకి, ఆస్ట్రేలియాకి పోయారు.

ఇప్పుడు వాళ్ళ మునిమనవలు ప్రపంచం నలుమూలలా సంఘాలు పెట్టుకుని వంశాన్ని నిలబెట్టుకుంటున్నారు. నాయకుడు లేని వంశాలు నాయకుడి కోసం అర్జీ పెట్టుకుంటాయి. ఎడిన్‌బరోలో లార్డ్ లయన్ అనే రాజోద్యోగి న్యాయస్థానం ఉంది. వంశవృక్షం రుజువులతో అక్కడ అర్జీ పెట్టాలి. వారసుడు దొరక్కపోతే వంశంలోని పెద్దలు సభ చేరి ఒకరిని ఎన్నుకుని, ఆ పేరు లయన్ ముందు పెట్టొచ్చు. బుకానన్ వంశానికి 1681 తర్వాత నాయకుడు లేడు. 2018లో లయన్ ఒక వారసుడిని గుర్తించాడు, 2022లో ఆయన పట్టాభిషేకం జరిగింది. మూడు వందల ఏళ్ళకి పైగా ఖాళీగా ఉన్న పీట కోసం జనం పాత కాగితాలు వెతికారు. ఆ మమకారానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ ఆ నాయకుడికిప్పుడు తీర్చే తగవు లేదు, కాపాడే లోయ లేదు.

లోయలు తిరిగి చేతికొచ్చింది వేరే అర్జీతో. 1993లో ఆసింట్ అనే చోట చిన్న రైతులు చందాలు పోగేసి తాము సాగుచేస్తున్న ఎస్టేటు కొనుక్కున్నారు. 1997లో ఎయిగ్ ద్వీపవాసులు తమ ద్వీపాన్నే కొనుక్కున్నారు. 2003లో అలా కొనుక్కునే హక్కుని అక్కడి భూసంస్కరణ చట్టంలో చేర్చారు. స్కాట్లాండ్ వాళ్ళు నేల పోగొట్టుకుని పేరు మిగుల్చుకుని, మళ్ళీ నేల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. మన నల్లమలలో పేరూ ఉంది, పెద్దమనిషీ ఉన్నాడు, అడవీ ఉంది. ఏదీ పూర్తిగా పోకముందే మనం మేలుకునే వీలుంది.

ఇక పెద్దాయన ప్రశ్నకి జవాబు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఇ)లో, చెంచుల్లాంటి ఆదిమ తెగలకి ఆవాస హక్కు అనేది ఉంది. ఇది ఇంటి పట్టా కాదు, పొలం పట్టా కాదు. తెగ మొత్తం తరతరాలుగా బతికిన సీమ మీద ఆచారప్రకారం ఉండే హక్కు. రిజర్వు అడవి అయినా అందులోకి వస్తుంది. 2012లో సవరించిన నియమాల్లో 12బి అనే నియమం, ఈ హక్కులు అందేలా చూసే బాధ్యతని కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ మీద పెట్టింది. ఆ పని ఆ తెగ సంప్రదాయ వ్యవస్థలని సంప్రదించి చేయాలని కూడా చెప్పింది. సంప్రదాయ వ్యవస్థ అంటే చెంచుల్లో ఇంకెవరు? ఆ పెద్దాయన, ఆయన చుట్టూ చేరే పెంట జనమే. పెద్దమనిషి అన్న మాటని కింద సంతకంలో రాయడానికి జంకక్కర్లేదు. ఆ మాట తీసుకోకపోవడమే ఆ నియమం స్ఫూర్తికి విరుద్ధం.

మధ్యప్రదేశ్‌లో దిండోరి జిల్లా బైగాలు దేశంలో మొదటగా ఈ ఆవాస హక్కు పొందారు. 2023లో ఛత్తీస్‌గఢ్‌లో కమార్లకి, బైగాలకి గుర్తింపు వచ్చింది. అక్కడ వంశపెద్దలు కూర్చుని ఏ వాగు ఎవరిది, ఏ గుట్ట ఏ దేవుడిదని చెప్పిన మాటలే హక్కుకి ఆధారమయ్యాయి. వాళ్ళకి సాధ్యమైంది మన నల్లమలలో సాధ్యం కాకపోవడానికి నాకు ఒక్క కారణమూ కనబడటం లేదు.

ఇంకో సంగతి ఇంతకంటే ఆశ్చర్యపరుస్తుంది. ఏవి సాక్ష్యాలుగా చెల్లుతాయో 13వ నియమం వరసగా చెప్తుంది. పాత ప్రభుత్వ రికార్డులు, పటాలు సరే. వాటితో పాటు వంశక్రమం ఉంది, అర్జీదారు కాని పెద్దల మాటని రాసుకున్న వాంగ్మూలం ఉంది. సామూహిక హక్కులకైతే పవిత్ర వృక్షాలు, దేవర తావులు, పూడ్చిపెట్టిన చోట్లు సాక్ష్యమే. కొండచరియ మీద తాడు పట్టేటప్పుడు బావమరిది ఎవరో తేల్చే ఆ ఇంటిపేర్ల లెక్కని చట్టం కూడా సాక్ష్యంగా అడుగుతోంది. ముత్తాత ఏ పెంటలో పుట్టాడు, అవ్వని ఏ పెంట నుంచి తెచ్చుకున్నారు, ఎవరిని ఎక్కడ పూడ్చారు అన్నవి చెప్పగల ముసలివాళ్ళు గూడేల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళు ఉన్నప్పుడే ఆ మాటలు కాగితం మీదికి రావాలి. వాళ్ళ తర్వాత రాద్దామనుకుంటే రాయడానికేం మిగలదు.

వంశాచారాల పరిరక్షణ అనగానే మనకి వెంటనే తట్టేది వేదిక. ఆదివాసీ దినోత్సవం నాడు నెత్తికి ఈకలు, భుజాన విల్లు, పాట, ఆట, ఫొటో. పిల్లలకి ఆ పాట రావడం మంచిదే, నాకూ ఇష్టమే. కానీ ఒక ఆచారం బతికుందని చెప్పాలంటే దాని చేతిలో ఒక నిర్ణయం ఉండాలి. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకానికి కేంద్రం 24,104 కోట్లు ప్రకటించింది. ఆదిమ తెగలకి పక్కా ఇళ్ళు, దారులు, నీళ్ళు, కరెంటు అందులో ఉన్నాయి. ఇళ్ళు కట్టండి, తప్పక కట్టండి. కట్టే ముందు ఆ పెంట పెద్దమనిషిని పిలిచి ఎవరి ఇల్లు ఎవరి పక్కన ఉండాలో అడగండి. చెంచు గుడిసెలు విడివిడిగా, ఎవరి చుట్టరికం వాళ్ళకి దగ్గరగా, చెట్ల మధ్య ఉంటాయి. వాటిని తీసుకొచ్చి గీత గీసినట్టు కాలనీ వరసలో పెడితే ఇల్లు దొరుకుతుంది, ఇరుగుపొరుగు చెదిరిపోతుంది. అడగడానికి ఖర్చు లేదు, ఒక పూట పడుతుంది.

చదువుకున్న చెంచు పిల్లలు ఇప్పుడు అన్ని గూడేల్లోనూ కనబడుతున్నారు. ఆశ్రమ పాఠశాలల్లో చదివి, కొందరు డిగ్రీ దాకా వచ్చారు. వాళ్ళకి ఫోనుంది, అందులో జీపీఎస్ ఉంది. తాతకి దారులు తెలుసు. తాత ముందు నడిస్తే మనవడు వెనక ఒక్కో ఊట దగ్గర, ఒక్కో లింగమయ్య రాయి దగ్గర, ఒక్కో తేనె చరియ దగ్గర గుర్తు పెట్టుకుంటూ పోతే పటం తయారవుతుంది. ఆ పటం మీద ఇంటిపేర్లు రాయాలి. నూలగడ్డలు ఎక్కడ ఊరుతాయో, ఇప్పపూలు ఎవరు ఏరుతారో, ఏ చెలమ ఎండాకాలం కూడా ఎండిపోదో రాయాలి. ఆడవాళ్ళని తప్పక అడగాలి, గడ్డల జాడ వాళ్ళకే బాగా తెలుసు. అటవీ హక్కుల కమిటీలో మూడో వంతు స్త్రీలుండాలన్న నియమం వాళ్ళ మాట కోసమే పెట్టారు. ఒక పెంట పటం పక్క పెంట పటంతో కలవాలి, హద్దుల దగ్గర ఇద్దరు పెద్దమనుషులూ వేలిముద్ర వేయాలి. అవతలి ఒడ్డు చుట్టాలూ తమ ఒడ్డున అదే పని చేస్తే నల్లమల మొత్తం ఒక్క పటంలోకి వస్తుంది.

అర్జీ గ్రామసభకి చేరాక అక్కడ తీర్మానం అవుతుంది. అది డివిజన్ స్థాయి కమిటీకి, అక్కడి నుంచి జిల్లా కమిటీకి పోతుంది. విచారణ పూర్తయ్యేదాకా ఎవరినీ అడవి నుంచి కదిలించకూడదని సెక్షన్ 4(5) చెప్తుంది. కాదన్నా, కోత పెట్టినా కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. గ్రామసభ తీర్మానం మీద అభ్యంతరముంటే అరవై రోజుల్లోపు డివిజన్ కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. డివిజన్ కమిటీ నిర్ణయం నచ్చకపోతే జిల్లా కమిటీకి వెళ్ళొచ్చు, దానికీ గడువు అరవై రోజులే. కాబట్టి ప్రతి అర్జీకి రసీదు తీసుకోవాలి, దాని మీద తేదీ ఉండాలి, ఒక నకలు పెంటలో పెద్దమనిషి దగ్గర ఉండాలి. దోర్నాల టీ కొట్టులో ఆ మనవడికి ఈ సంగతులు చెప్తే కాగితం వెనకవైపు రాసుకున్నాడు. అర్జీ కింద తాత పేరు రాసి, దాని పక్కన పెద్దమనిషి అని రాసి, చదివి వినిపించాడు. తాత ఇంకో రెండు ఇంటిపేర్లు చేర్చమన్నాడు.